హవానా రేవు నుంచి 'డెస్పసీటో' దాకా: లాటిన్ సంగీత సింహావలోకనం

2017లో 'డెస్పసీటో' పాట అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 16 వారాలు మొదటి స్థానంలో తిష్ఠ వేసింది. లాటిన్ సంగీతం మొట్టమొదటిసారి ప్రపంచాన్ని గెలుచుకుందన్నట్టు అప్పుడు పత్రికలు హడావుడి చేశాయి. ఇంచుమించు ఇదే హడావుడి 1999లో రికీ మార్టిన్ విషయంలో జరిగింది. 1955లో పెరెజ్ ప్రాదో విషయంలో జరిగింది. 1930లో హవానా నుంచి వచ్చిన ఒక వేరుశనగకాయల పాట న్యూయార్క్‌ను ఊపేసినప్పుడూ జరిగింది. నూరేళ్లుగా ఈ సంగీతం పడమటి దేశాలకు కొత్తగా 'పరిచయం' అవుతూనే ఉంది. పరిచయమైన ప్రతిసారీ ఏదో ఒకటి వదులుకోవాల్సి వచ్చింది: ఒకసారి పేరు, ఒకసారి వాద్యం, దాదాపు ప్రతిసారీ భాష. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదే.

ముందుగా ఒక మాట. అర్జెంటీనా టాంగోకూ, డొమినికన్ బచాటాకూ, మెక్సికో పెళ్లిళ్లలో మోగే మరియాచీకీ మధ్య పోలికల కంటే తేడాలే ఎక్కువ. బ్రెజిల్‌వాళ్లు మాట్లాడేది స్పానిష్ కూడా కాదు, పోర్చుగీసు. వీటన్నిటినీ 'లాటిన్' అని ఒకే అరలో సర్దింది రికార్డుల దుకాణాలు. అమ్మకానికి ఆ అర పనికొచ్చింది గానీ వినేవాళ్లకు అంతగా పనికిరాదు. అయినా అందులో కొంత నిజం లేకపోలేదు. చెరకు తోటలు, బానిసల ఓడలు, కాథలిక్ చర్చి, ఐబీరియా నుంచి వచ్చిన గిటార్ – ఈ నాలుగూ కలిసినచోటల్లా దాయాదుల్లాంటి సంగీతాలు పుట్టాయి.

ఆఫ్రికా తీరం నుంచి సుమారు కోటీ పాతిక లక్షలమందిని ఓడలెక్కించారని చరిత్రకారుల అంచనా. వారిలో దాదాపు యాభై లక్షలమంది ఒక్క బ్రెజిల్‌లోనే దిగారు. క్యూబాలో బానిసత్వం 1886 దాకా, బ్రెజిల్‌లో 1888 దాకా సాగింది. అంటే ఆఫ్రికాలో పుట్టి పెరిగినవాళ్లు, యోరుబా దేవతల పాటలు నోటికొచ్చినవాళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివరికి కూడా హవానా వీధుల్లో బతికే ఉన్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల తోటల యజమానులు డోలు మోగితే తిరుగుబాటు వస్తుందని భయపడి వాటిని నిషేధించారు. క్యూబాలో స్పానిష్ పాలకులు 'కబిల్దో' అనే సంఘాలు పెట్టుకోనిచ్చారు. పండగ రోజుల్లో ఊరేగింపుకు అనుమతి ఇచ్చారు. జాలిపడి ఇచ్చింది కాదది, తెగల వారీగా విడదీసి ఉంచుకోవడానికి. కారణమేదైనా డోలు బతికింది. పైకి కాథలిక్ పునీతుడి పండగ, లోపల యోరుబా దేవత ఆరాధన.

ఈ సంగీతానికి వెన్నెముక క్యూబాలో 'క్లావే'. అవి జానెడు పొడవున్న రెండు గట్టి చెక్కముక్కలు. హవానా రేవులో ఓడల పలకలు బిగించే చెక్క మేకుల నుంచి వచ్చాయంటారు. వాటితో మోగించే వరసకూ అదే పేరు. తాళజ్ఞానం ఉన్న తెలుగు పాఠకుడికి దీన్ని వివరించడం తేలిక. ఒకటి నుంచి పదహారు వరకూ ఒకే వేగంతో లెక్కపెడుతూ 1, 4, 7, 11, 13 అంకెల దగ్గర చప్పట్లు కొట్టండి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు – ఇవీ దెబ్బల మధ్య దూరాలు. ఆదితాళంలోలా సమంగా నడవదు, చాపుతాళాల్లా ఒరిగి నడుస్తుంది. మొదటి సగంలో మూడు దెబ్బలు, రెండో సగంలో రెండు. మొదటి సగం నిలదీస్తుంది, రెండోది జవాబు చెబుతుంది. పియానో, బాస్, డోళ్లు, గాయకుడు అందరూ ఈ వరసకు లోబడే నడవాలి. అది తప్పితే పాట ఎంత శ్రుతిగా ఉన్నా హవానా వాద్యకారుడి మొహం మాడిపోతుంది.

ఇప్పుడు ఆ మొదటి ఎనిమిది మాత్రలు మాత్రమే తీసుకోండి: 3+3+2. ఈ నడక గుర్తుంచుకుంటే ఈ వ్యాసంలో సగం అర్థమైనట్టే. పంతొమ్మిదో శతాబ్దపు హబనేరా దీనిమీదే నడిచింది. స్పెయిన్‌కు చెందిన ఇరాదియేర్ రాసిన ఒక హబనేరాను ఫ్రెంచి స్వరకర్త బిజే జానపదమనుకుని 1875 నాటి తన 'కార్మెన్' ఒపేరాలో వాడేసుకున్నాడు. ఆ తర్వాత అసలు సంగతి తెలిసి ఒప్పుకున్నాడు. 1914లో డబ్ల్యు.సి. హ్యాండీ రాసిన 'సెయింట్ లూయీ బ్లూస్' మధ్య భాగంలోనూ ఈ నడకే వినిపిస్తుంది. జాజ్ పుట్టింది న్యూఆర్లియన్స్‌లో, అక్కడి నుంచి హవానా ఓడ ప్రయాణం దగ్గరే. స్పానిష్ ఛాయ లేకపోతే జాజ్‌కు సరైన రుచి రాదని తొలితరం జాజ్ పియానిస్టు జెల్లీ రోల్ మోర్టన్ అనేవాడు. కాబట్టి లాటిన్ సంగీతం బయటి నుంచి వచ్చి అమెరికా సంగీతంలో చేరిందనడం సగం నిజమే. పునాదిలోనే అది ఉంది.

టాంగో, సాంబాల కథను త్వరగా ముగిస్తాను, ఎందుకంటే రెంటిదీ ఒకటే కథ. టాంగో బ్యూనస్ ఎయిరిస్, మాంటెవీడియో పేద వాడల్లో పుట్టింది. పొట్ట చేతపట్టుకుని వచ్చిన ఇటలీ వలసదారులూ, నల్లజాతివారూ, జర్మనీ నుంచి దిగుమతైన బాండోనియన్ వాద్యమూ కలిసి దాన్ని తయారుచేశారు. ఊళ్లో పెద్దమనుషులు ముక్కు మూసుకున్నారు. 1913 ప్రాంతంలో పారిస్ దానికోసం పిచ్చెత్తిపోయేసరికి అదే పెద్దమనుషులు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. కార్లోస్ గార్దెల్ జాతి గాయకుడైపోయాడు. 1935లో కొలంబియాలోని మెదెయీన్‌లో విమాన ప్రమాదంలో చనిపోతే ఖండమంతా ఏడ్చింది. రియో కొండవాడల సాంబా వాద్యకారులను మొదట్లో పోలీసులు తరిమారు. 1930ల్లో వర్గాస్ ప్రభుత్వం అదే సాంబాను జాతీయ సంగీతం చేసి కూర్చోబెట్టింది. ఇంట్లో ఈసడింపు, పరాయిచోట మెప్పు, ఆనక ఇంట్లో హారతి. ఈ వరస మళ్లీ మళ్లీ వస్తుంది.

1930 ఏప్రిల్‌లో న్యూయార్క్ బ్రాడ్‌వే మీది ప్యాలెస్ థియేటర్లో డాన్ అస్పియాసు అనే క్యూబా బృందనాయకుడు కచేరీ చేశాడు. ఆంతోనియో మాచిన్ పాడిన పాట 'ఎల్ మనిసేరో', అంటే వేరుశనగకాయలమ్మేవాడు. స్వరకర్త మొయిసేస్ సిమోన్స్. హవానాలో వీధి వర్తకులు రాగం తీసి కేకలేసుకుంటూ సరుకు అమ్మేవారు. ఆ కేకనే పాటగా కట్టడం అక్కడ ఒక సంప్రదాయం. ఆ రాత్రి అమెరికా ప్రేక్షకులు మరాకస్, బొంగో, క్లావే వంటి వాద్యాలను వేదిక మీద చూడటం దాదాపు అదే మొదలు. రికార్డు వచ్చాక పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయంటారు. దానిమీద కంపెనీ అచ్చువేసిన మాట 'రుంబా ఫాక్స్‌ట్రాట్'. నిజానికి అది రుంబా కాదు, ఫాక్స్‌ట్రాట్ అసలే కాదు. క్యూబా తూర్పు కొండల నుంచి రాజధానికి దిగివచ్చిన 'సోన్' అది. కొన్నవాళ్లకు ఆ తేడా పట్టలేదు. హాలీవుడ్ వెంటనే రుంబా సినిమాలు తీసింది. కొన్నేళ్లకు బ్రెజిల్ నుంచి వచ్చిన కార్మెన్ మిరాండాను తలమీద పళ్లబుట్టతో ఆడించింది. ఆమె గొప్ప గాయని. ఆ పళ్లబుట్ట కింద ఆ గొంతును పట్టించుకున్నవాళ్లు తక్కువ.

అసలైన పని మరోచోట జరిగింది. క్యూబా ట్రంపెట్ వాద్యకారుడు మారియో బౌసా న్యూయార్క్ హార్లెమ్‌లోని నల్లజాతి జాజ్ బృందాల్లో పనిచేసి, వాళ్ల వాద్యసమ్మేళన పద్ధతిని ఆకళింపు చేసుకున్నాడు. బావమరిది మచీతోతో కలిసి 1940లో 'ఆఫ్రో-క్యూబన్స్' అనే బృందం పెట్టాడు. ఆఫ్రికా మాట పలకడమే నామోషీ అనుకునే రోజుల్లో దాన్ని బృందం పేరులోనే పెట్టడం తెగువ. బౌసా పరిచయం చేయగా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజీ గిలెస్పీ బృందంలో చేరిన హవానా డోలు కళాకారుడు చానో పోసో 1947లో 'మాంటెకా' అనే బాణీ రూపొందించడంలో పాలుపంచుకున్నాడు. ఇంగ్లీషు సరిగా రాదు, స్వరలిపి చదవలేడు. ఒక్కో వాద్యం ఏం పలకాలో నోటితో పలికి చూపించేవాడు. మరుసటి ఏడాదే హార్లెమ్ బారులో ఎవరో కాల్చి చంపారు. అతడు జాజ్ వాళ్లతో గడిపింది ఏడాదిన్నర లోపే. ఆ తర్వాత జాజ్ బృందాల్లో కొంగా డోలు శాశ్వతంగా ఉండిపోయింది.

1950ల న్యూయార్క్‌లో పల్లాడియం నృత్యశాల వైభవం గురించి వేరే వ్యాసమే రాయొచ్చు. మచీతో, టీటో ప్వెంటే, టీటో రోద్రీగెస్ – మూడు బృందాల మధ్య పోటీ. నేల మీద ప్యూర్టో రికన్లు, నల్లవాళ్లు, యూదులు, ఇటాలియన్లు కలిసి మాంబో ఆడేవారు. వర్ణవివక్ష చట్టబద్ధంగా రాజ్యమేలుతున్న దేశంలో, బాగా ఆడటం వస్తే చాలు రంగు అడగని హాలు అది. దేశం మొత్తానికి చేరింది మాత్రం మెక్సికోలో స్థిరపడిన క్యూబన్ పెరెజ్ ప్రాదో పలచబరిచిన మాంబో. అతని 'చెర్రీ పింక్' 1955లో పది వారాలు అగ్రస్థానంలో ఉంది. అందులో పాట లేదు, వాద్యమే. భాష అడ్డం రాకపోతే దారి ఎంత సుళువో చూడండి. 1958లో లాస్ ఏంజెలెస్ కుర్రాడు రిచీ వాలెన్స్ మెక్సికో జానపదం 'లా బాంబా'ను రాక్ అండ్ రోల్‌గా స్పానిష్‌లోనే పాడి నెగ్గాడు. ఆ భాష అతనికి అంతంత మాత్రమే వచ్చు. 17 ఏళ్లకే విమాన ప్రమాదంలో పోయాడు.

ఈ అల మన దాకా కూడా వచ్చింది. బొంబాయి స్టూడియోల్లో గోవా వాద్యకారులు హోటల్ బ్యాండ్ల నుంచి బొంగోలు, మరాకస్ తెచ్చారు. 1950 నాటి 'సమాధి' చిత్రానికి సి. రామచంద్ర చేసిన 'గోరే గోరే' పాటకు మూలం 'చీకో చీకో ఫ్రం ప్యూర్టో రికో'. మద్రాసులో తెలుగు పాటలు రికార్డయిన రోజుల్లో ఢోలక్, తబలాల పక్కన బొంగో, తుంబా వాయించేవాళ్లు ఉండటం మామూలు విషయం. క్లబ్బు పాట అనగానే మన చెవిలో మోగే ఆ దరువుకు తల్లిగారిల్లు క్యూబా. పేరు తెలియకుండానే రెండు తరాలు దానికి తలలూపాయి.

1959లో క్యూబాలో విప్లవం. 1962 నాటికి అమెరికా ఆంక్షలు. సంగీతానికి ఇది దేశవిభజన లాంటిది. గాయని సెలియా క్రూజ్ 1960లో క్యూబా దాటింది. తల్లి చనిపోతే చూడటానికి కూడా రానివ్వలేదు. పడమటి ప్రపంచానికి ఆ ఖాళీని కొంతకాలం బ్రెజిల్ బొస్సా నోవా నింపింది. సాంబాను గుసగుస స్థాయికి తగ్గించి జోవావ్ జిల్బెర్తో, టాం జోబిం చేసిన ఆ సంగీతంలో 'గర్ల్ ఫ్రం ఇపనీమా' 1964లో ఇంగ్లీషు మాటలతోనే ప్రపంచం చుట్టింది. దక్షిణాన చిలీలో, అర్జెంటీనాలో గిటార్ రాజకీయం మాట్లాడింది. కవి నెరూడా ద్వారా చిలీని తెలుసుకున్న తెలుగు పాఠకులకు గాయకుడు విక్టర్ హారా పేరు కొత్త కాదు. 1973 సెప్టెంబరులో సైనిక కుట్ర జరిగిన కొద్ది రోజులకే శాంటియాగోలో అతన్ని చిత్రహింసలు పెట్టి చంపారు. మార్కెట్ లెక్కల్లో ఈ పాటలకు చోటులేదు. జనం నోళ్లలో మాత్రం ఉంది.

క్యూబా తలుపు మూసుకుపోయాక న్యూయార్క్‌లోని ప్యూర్టో రికన్ పిల్లలు ఆ సంగీతాన్ని తమదిగా పెంచుకున్నారు. డొమినికన్ వాద్యకారుడు జానీ పచేకో, న్యాయవాది జెర్రీ మసూచీ 1964లో ఫానియా రికార్డ్స్ పెట్టారు. మొదట్లో రికార్డులు కారు డిక్కీలో వేసుకుని దుకాణాల చుట్టూ తిరిగి అమ్మారు. బ్రాంక్స్ వీధుల కోపాన్ని ట్రాంబోన్‌లో ఊదిన విల్లీ కొలోన్, గొంతుతోనే ఏడిపించి నవ్వించిన హెక్టర్ లవో, పనామా నుంచి వచ్చిన రుబేన్ బ్లేడ్స్ – వీళ్లతో ఆ సంగీతానికి సాల్సా అనే పేరు స్థిరపడింది. పాత సరుకుకు కొత్త చీటీ అంటించారని టీటో ప్వెంటే చిరచిరలాడేవాడు. ఆయన కోపం న్యాయమే. అయితే చీటీతోపాటు సరుకులో కూడా ఏదో మారింది. 1973 ఆగస్టులో యాంకీ స్టేడియంలో ఫానియా కళాకారుల కచేరీకి నలభై వేలకు పైగా జనం వచ్చారు. ఉత్సాహం పట్టలేక మైదానంలోకి దూకడంతో కచేరీ మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. 1978లో కొలోన్, బ్లేడ్స్ కలిసి తెచ్చిన 'సియెంబ్రా'లో ఒక వీధి రౌడీ కథ ఏడు నిమిషాలకు పైగా సాగుతుంది. డాన్సు పాటలో చిన్న కథంత బలం ఇమిడింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో శిఖరం అదే. తర్వాతి వాళ్లు దాన్ని మించి అమ్ముకున్నారు గానీ మించి రాయలేదు.

ఆపై ఇరవై ఏళ్ల కథలో మయామీ నుంచి గ్లోరియా ఎస్తెఫాన్, టెక్సస్ నుంచి సెలీనా ముఖ్యులు. సెలీనా 23 ఏళ్లకే 1995లో హత్యకు గురైంది. 1996లో స్పెయిన్ జంట లోస్ దెల్ రియో పాడిన 'మకరేనా'కు ఇంగ్లీషు ముక్కలు అతికించాకే అది 14 వారాలు అగ్రస్థానంలో నిలిచింది. 1999లో రికీ మార్టిన్ నెగ్గింది ఇంగ్లీషు పాటతో. 2001లో కొలంబియా అమ్మాయి షకీరా ఇంగ్లీషు నేర్చుకుని ఆ భాషలో ఆల్బం చేసింది. పడమర గుమ్మం తెరుచుకునే షరతు ఇది: నడుము మీది, నాలుక మాది.

ఆ రోజుల్లోనే దీనికి పూర్తిగా ఎదురు నడిచిన ఘటన ఒకటుంది. 1996 మార్చిలో హవానాలోని ఎగ్రెం స్టూడియోకు మాలి దేశపు వాద్యకారులు రావాల్సింది, రాలేకపోయారు. బుక్ చేసుకున్న సమయం వృథా కాకూడదని ఊళ్లో ఉన్న పాతకాలపు కళాకారులను పోగుచేశారు. దాదాపు తొంభైకి చేరువైన కొంపాయ్ సెగుందో, ఇంట్లో వాయించుకోవడానికి పియానో కూడా లేని రుబేన్ గోన్సాలెస్, బూట్లు పాలిష్ చేసుకుంటూ బతుకుతున్న ఇబ్రహీం ఫెరేర్. అలా వచ్చిన 'బుయెనా విస్తా సోషల్ క్లబ్' లక్షల ప్రతులు అమ్ముడైంది. 1998లో గ్రామీ అవార్డు పొందింది. ఒక్క ఇంగ్లీషు మాట లేదు. ప్రపంచం మెచ్చింది నిజమే, అయితే పాత ఫొటోను మెచ్చినట్టు మెచ్చింది. హవానాలో అప్పటి కుర్రకారు వింటున్నది వేరే.

తర్వాత ప్రపంచాన్ని పట్టుకున్న రెగ్గేటోన్‌కు మూలాలు వెతికితే పనామా కాలువ తవ్వకం దగ్గర తేలతాం. 1904 నుంచి 1914 దాకా జమైకా, బార్బడోస్‌ల నుంచి కూలీలు వచ్చి తవ్వారు. వాళ్ల మనవలు 1980ల్లో జమైకా రెగ్గేను స్పానిష్‌లో పాడటం మొదలుపెట్టారు. 1990 ప్రాంతంలో షబ్బా రాంక్స్ పాడిన 'డెం బో' దరువు ప్యూర్టో రికో చేరి ర్యాప్‌తో కలిసింది. ఆ దరువులో చిన్న డోలు ఎక్కడ పడుతుందో గమనిస్తే 3+3+2. పాత హబనేరా చుట్టమే, కంప్యూటర్‌లోంచి వచ్చింది, అంతే.

శాన్ హువాన్ ప్రభుత్వ కాలనీల్లో పుట్టిన ఈ పాటలు చేతులు మారే క్యాసెట్ల మీద పాకాయి. 1995లో పోలీసులు దుకాణాల మీద పడి వాటిని జప్తు చేశారు. 2002లో ప్యూర్టో రికో సెనెట్ విచారణలు జరిపింది. బూతులున్నమాట నిజం, ఆడవాళ్లను చులకన చేసినమాటా నిజం. వాటిని సమర్థించక్కర్లేదు. కానీ పోలీసులను పంపించింది ఒక్క ఆ బూతులేననుకుంటే పొరపాటు. పాడేవాళ్ల వాడా, ఒంటిరంగూ ఆ కోపంలో ఉన్నాయి. 2004లో డాడీ యాంకీ 'గాసోలినా' వచ్చాక పోలీసుల అవసరం ఎవరికీ గుర్తు రాలేదు. 2023లో అదే పాటను అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం జాతీయ రికార్డింగుల భాండారంలో చేర్చింది.

ఇక 'డెస్పసీటో'. రేడియో స్టేషన్ల కాపలా లేని యూట్యూబ్, స్పాటిఫై కాలమిది. ఏ పాట పైకి రావాలో నిర్ణయించేది మెక్సికో సిటీ, బొగొతా, లీమాల్లో ఫోన్లు పట్టుకున్న కోట్లమంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలోనే లాటినోలు ఆరు కోట్ల ఇరవై లక్షలు. లూయీస్ ఫోన్సీ పాటకు జస్టిన్ బీబర్ గొంతు తోడయ్యాకే అది అమెరికా శిఖరానికి చేరిందన్నది మరచిపోకూడదు. కానీ ఈసారి అతనే స్పానిష్‌లో పాడాల్సి వచ్చింది.

అక్కడి నుంచి తోడు కూడా అక్కర్లేకపోయింది. వేగా బాహాలో సూపర్‌మార్కెట్‌లో సరుకులు సంచుల్లో సర్దిన కుర్రాడు బ్యాడ్ బన్నీ 2020, 2021, 2022 – వరసగా మూడేళ్లు స్పాటిఫైలో ప్రపంచంలోనే ఎక్కువమంది విన్న గాయకుడు. ప్యూర్టో రికో యాస స్పానిష్‌ను అసలు సవరించుకోడు. పక్క దేశాల స్పానిష్ వాళ్లకే కొన్ని మాటలు అర్థంకావు. 2023లో కరోల్ జి స్పానిష్ ఆల్బంతో అమెరికాలో అగ్రస్థానం అందుకున్న తొలి మహిళ అయింది. అదే ఏడాది పెసో ప్లూమా మెక్సికో పల్లెబాణీ పాటలను ప్రపంచ జాబితాల్లో నిలబెట్టాడు. 2022లో అమెరికాలో లాటిన్ సంగీత ఆదాయం మొదటిసారి వంద కోట్ల డాలర్లు దాటింది. 2025 జనవరిలో బ్యాడ్ బన్నీ తెచ్చిన ఆల్బంలో శాన్ హువాన్ సంగీత పాఠశాల విద్యార్థులు అచ్చమైన సాల్సా వాయించారు, వాడవాడల ప్లేనా డోళ్లు మోగాయి. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో 2026 ఫిబ్రవరి విరామ ప్రదర్శనకు అతన్ని ఎంచుకున్నారు. ఇంగ్లీషులో పాడనివాడికి ఆ వేదికా అని కొందరు గోలపెట్టారు. ఆ గోల వినగానే 1930 నాటి 'రుంబా ఫాక్స్‌ట్రాట్' చీటీ గుర్తొచ్చింది నాకు. ఆనాడు ఏ పేరు అతికించినా ఊరుకోవాల్సి వచ్చింది.

అంతా శుభమే అనలేను. ఈనాటి జాబితాల్లో నూటికి తొంభై పాటలు ఒకే డెం బో దరువు మీద బద్ధకంగా నడుస్తున్నట్టు అనిపిస్తుంది నాకు. ఆ దరువు వెనకున్న 'ఫిష్ మార్కెట్' అనే 1989 నాటి బాణీ తమదేనంటూ జమైకా స్వరకర్తలు స్టీలీ, క్లీవీల పక్షాన 2021లో అమెరికా కోర్టులో దావా పడింది. పేరూ డబ్బూ వచ్చిచేరేది తెల్లగా కనిపించే గాయకులకే ఎక్కువ. టెగో కాల్దెరోన్ లాంటి నల్లజాతి ప్యూర్టో రికన్లు వేసిన బాటను జనం త్వరగానే మరిచారు.

వినాలనిపించిన పాఠకులు ఈ వరసలో వినండి: మాచిన్ 'ఎల్ మనిసేరో', గిలెస్పీ-పోసోల 'మాంటెకా', 'సియెంబ్రా' మొత్తం, ఆపై 'గాసోలినా', చివర బ్యాడ్ బన్నీ 2025 ఆల్బం. మాటలు అర్థంకావని ఆగకండి. చేత్తో 3+3+2 వేసుకుంటూ వినండి, అయిదింటికీ సరిపోతుంది.